తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లకు ఇంట్లో సేవ ఎలా? ఆపరేషన్ తర్వాత అసలు పని కుటుంబానిదే

ఫజర్ నమాజ్‌కు వుజూ చేద్దామని లేచిన దాదీ బాత్రూమ్ గడప దగ్గర కాలు జారి పడతారు. లేవబోతే లేవలేరు. పక్కింటివాళ్లు వచ్చి నూనె రాసి మర్దన చేయమంటారు. ఒకరు పాతబస్తీలో పహిల్వాన్ దగ్గర కట్టు కట్టిద్దామంటారు, ఇంకొకరు పుత్తూరు కట్టుకు తీసుకెళ్దామంటారు. రెండు మూడు రోజులు అలాగే గడిచిపోయాక ఆస్పత్రికి తీసుకెళ్తే, ఎక్స్‌రేలో తుంటి ఎముక విరిగిందని తేలుతుంది. ఇలాంటి కథ దాదాపు ప్రతి ఖాన్‌దాన్‌లో ఒకటి ఉంటుంది.

తుంటి విరగడాన్ని చాలామంది చేయి విరిగినట్టు, కాలు బెణికినట్టు అనుకుంటారు. అసలు ప్రమాదం ఎముక విరగడం ఒక్కటే కాదు, దానివల్ల మంచం పట్టడం. తుంటి విరిగిన వృద్ధుల్లో ఐదుగురిలో ఒకరైనా ఏడాది తిరిగేలోపు చనిపోతున్నారని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలి రక్తనాళాల్లో గడ్డలు, పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ - ప్రాణం మీదకు తెచ్చేవి ఎక్కువగా ఇవే. వీటిలో చాలావాటిని సరైన నర్సింగ్ సేవతో ఆపవచ్చు. ఆస్పత్రిలో ఆ పని నర్సు చేస్తారు. డిశ్చార్జి అయ్యాక కూతురు, కోడలు, కొడుకు చేయాలి. కానీ డిశ్చార్జి రోజు చేతికి మందుల చీటీ వస్తుందే గానీ, ఆ పని ఎలా చేయాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ.

పడిన వెంటనే ఏం చేయాలి?

పడిన తర్వాత కాలు పొట్టిగా కనిపిస్తూ, పాదం బయటి వైపుకు తిరిగి ఉండి, గజ్జల్లో నొప్పితో కాలు లేపలేకపోతుంటే తుంటి విరిగిందనే అనుమానించాలి. మర్దన చేయొద్దు, కాలు లాగొద్దు, బలవంతంగా నిలబెట్టొద్దు. కాలుకు రెండు పక్కలా దిండ్లు పెట్టి కదలకుండా చూసి, 108కి ఫోన్ చేయాలి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి ఆస్పత్రికి చేరేదాకా తినడానికి ఏమీ పెట్టకపోవడం మంచిది. షుగర్, బీపీ, గుండె మందుల చీటీలు వెంట తీసుకెళ్లాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

కట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తుంటి కీలు తొడ కండరాల లోపల చాలా లోతుగా ఉంటుంది. పైన ఎంత గట్టిగా కట్టినా లోపలి ముక్కలు కదలకుండా ఆగవు. ఎముకల్లో కొన్ని విరుగుళ్లకు ఆపరేషన్ అక్కర్లేదన్నది నిజమే, కానీ తుంటి వాటిలోకి దాదాపు రాదు. పేషెంట్ తట్టుకోగలిగితే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయాలన్నది డాక్టర్ల మాట. ఆలస్యమైన కొద్దీ మంచం మీద ఉండే రోజులు పెరుగుతాయి, వాటితోపాటే ముప్పు పెరుగుతుంది.

విరిగిన చోటును బట్టి కొందరికి రాడ్, స్క్రూలు వేస్తారు. కొందరికి తొడ ఎముక పైనుండే బంతిని తీసి లోహపు బంతి పెడతారు. మీవాళ్లకు ఏది చేశారో, కాలు మీద ఎంత బరువు మోపవచ్చో డిశ్చార్జికి ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో చేసే సేవ అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మంచం దించడమే మొదటి మందు

"ఎముక అతికేదాకా కదలకూడదు" అన్నది మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన మాట. ప్రేమతోనే అంటారు గానీ, తుంటి ఆపరేషన్ తర్వాత ఇది తప్పు. చాలామందిని ఆపరేషన్ మరుసటి రోజే కూర్చోబెడతారు, వాకర్‌తో నిలబెడతారు. అసలు రాడ్ వేసేదే, బంతి మార్చేదే త్వరగా లేపి నడిపించడానికి.

ఇంటికి వచ్చాక రోజుకు మూడు నాలుగుసార్లు కుర్చీలో కూర్చోబెట్టాలి. ఫిజియోథెరపిస్ట్ చెప్పినంత నడిపించాలి. లేపేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి లాగకూడదు, భుజం కీలు దెబ్బతింటుంది. నడుముకు వెడల్పాటి బెల్టు గానీ మడిచిన దుప్పటి గానీ చుట్టి, దాన్ని పట్టుకుని లేపాలి. లేపేవాళ్లు నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి. లేదంటే నెల తిరిగేసరికి సేవ చేసేవాళ్లే నడుము నొప్పితో పడుకుంటారు.

వాకర్‌తో నడిచేటప్పుడు ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. మెట్లు ఎక్కమని డాక్టర్ చెప్పాక ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయాలి. చెప్పులు వెనకాల పట్టీ ఉన్నవి, అడుగున జారనివి కావాలి. సలవార్ గానీ లుంగీ గానీ కాళ్లకు అడ్డం పడేంత పొడవు ఉండకూడదు.

పడక పుండ్లు: రెండు గంటల లెక్క

కదలకుండా పడుకున్నప్పుడు ఒంటి బరువంతా కొన్ని ఎముకల మీద పడుతుంది. నడుము కింద తోక ఎముక, మడమలు, తుంటి పక్కలు, మోచేతులు, తల వెనక భాగం. అక్కడ చర్మానికి రక్తం అందక ముందు ఎర్రబడుతుంది, తర్వాత తోలు లేస్తుంది, ఆ తర్వాత పుండు లోతుకు దిగుతుంది. పుండు పడటానికి కొన్ని గంటలు చాలు. మానడానికి నెలలు పడుతుంది.

కాబట్టి సొంతంగా కదల్లేని పేషెంట్‌ను కనీసం రెండు గంటలకోసారి తిప్పాలి. వెల్లకిలా, తర్వాత బాగున్న వైపుకు కొంచెం ఒరిగించి, మళ్లీ వెల్లకిలా. పక్కకు తిప్పినప్పుడల్లా రెండు కాళ్ల మధ్య దిండు ఉండాలి. ఆపరేషన్ అయిన వైపుకు ఎప్పటి నుంచి తిప్పవచ్చో డాక్టర్‌ను అడగాలి. జరిపేటప్పుడు ఈడ్చకూడదు. కింద అడ్డంగా ఒక దుప్పటి వేసి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని ఎత్తి జరపాలి.

మడమలకు ఒక చిట్కా ఉంది. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి, బరువు పడదు. స్నానం చేయించేటప్పుడు రోజూ వీపు, మడమలు చూడాలి. ఎర్రటి చోట వేలితో నొక్కి వదిలితే చర్మం తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. చామన ఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు, అందుకని రంగు మారడం, వేడిగా లేదా గట్టిగా తగలడం కూడా గమనించాలి. అలాంటి చోట మర్దన చేయకూడదు, స్పిరిట్ రాయకూడదు. మధ్యలో రంధ్రం ఉన్న ట్యూబు దిండ్లు కూడా వాడొద్దు, అంచుల చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. గాలి పరుపు వేస్తే మంచిదే, కానీ గాలి పరుపు వేశాం కదా అని తిప్పడం మానకూడదు.

కాలిలో గడ్డ, ఛాతీలో నెమ్ము

తుంటి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. అందుకే డాక్టర్లు పొట్ట మీద వేసే సూదులో, మాత్రలో రాస్తారు. "సూదులు ఇక చాలులే" అని మధ్యలో ఆపేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాన్ని పైకీ కిందకీ పది పదిహేనుసార్లు ఆడిస్తే పిక్క కండరం రక్తాన్ని పైకి తోస్తుంది. పిక్క వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే మర్దన అస్సలు చేయొద్దు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఊపిరితిత్తుల కోసం మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. చాలామంది దాన్ని బుడగలా ఊదుతారు. ఊదకూడదు, గాలి లోపలికి పీల్చాలి. బంతులు పైకి లేచాక కాసేపు నిలపాలి. అది లేకపోయినా గంటకు పదిసార్లు నిండుగా ఊపిరి తీసి, గట్టిగా దగ్గించాలి. తినేటప్పుడు, తాగేటప్పుడు కూర్చోబెట్టే పెట్టాలి. పడుకోబెట్టి పోస్తే పొరమారి నెమ్ము వస్తుంది.

రాత్రి తికమక జిన్న్ పని కాదు

ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకు కొందరు పెద్దవాళ్లు రాత్రిపూట ఉన్నట్టుండి వేరే మనిషిలా మారిపోతారు. కొడుకును గుర్తుపట్టరు, చనిపోయినవాళ్లను పిలుస్తారు, సూదులు పీకేస్తారు. ఇంకొందరు అసలు మాట్లాడకుండా మగతగా పడి ఉంటారు. ఇంట్లో వెంటనే గాలి సోకిందనో, అసర్ అయిందనో అనుకుని తావీజ్ కోసం వెళ్తారు.

దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. తుంటి విరిగిన వృద్ధుల్లో ఇది చాలా మామూలు. నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొన్ని మందులు దీనికి కారణాలు. దువా చేయండి, పక్కన కూర్చుని ఖుర్‌ఆన్ చదవండి, తెలిసిన గొంతు వింటే వాళ్లకూ నెమ్మది వస్తుంది. దాంతోపాటు డాక్టర్‌కు ఆ రోజే చెప్పండి. కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టండి. గదిలో పగలు వెలుతురు, రాత్రి చిన్న లైటు ఉంచండి. గడియారం కనిపించేలా పెట్టండి. చేతులు కట్టేయడం, గట్టిగా మందలించడం వద్దు.

వుజూ, నమాజ్, బాత్రూమ్

బంతి మార్చినవాళ్లకు మొదటి కొన్ని వారాలు, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాల దాకా, మూడు జాగ్రత్తలు చెబుతారు. తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు. కాలు మీద కాలు వేయకూడదు. పాదం లోపలికి తిప్పకూడదు. వీటిని మరిస్తే బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ చేసిన పద్ధతిని బట్టి ఇవి కొంచెం మారతాయి కాబట్టి మీ సర్జన్ మాటే ఆఖరు.

దీని అర్థం మన ఇళ్లలో ఏమిటంటే, కింద దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవడం, నేల మీద ఉండే లెట్రిన్, తక్కువ ఎత్తు సోఫా, సజ్దా - ఇవన్నీ అన్నాళ్లు బంద్. కుర్చీ, మంచం, కమోడ్ ఎంత ఎత్తు ఉండాలంటే కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. పాశ్చాత్య కమోడ్ ఉన్నా తక్కువ ఎత్తుగా ఉంటే పైన పెట్టే ఎత్తు సీటు దొరుకుతుంది. లేదంటే కమోడ్ కుర్చీ కొనాలి లేదా అద్దెకు తెచ్చుకోవాలి. ఇస్తింజా కోసం కిందికి వంగి లోటా అందుకోకుండా, చేతికి అందే ఎత్తులో స్ప్రే పంపు పెట్టించాలి.

నమాజ్ విషయంలో పెద్దవాళ్లు బాగా బాధపడతారు. "సజ్దా చేయలేకపోతున్నాను" అని ఏడ్చేవాళ్లు ఉంటారు. ఎవరూ చూడనప్పుడు కిందికి దిగబోయి మళ్లీ పడేవాళ్లూ ఉంటారు. నిలబడలేనివాళ్లు కూర్చుని, కూర్చోలేనివాళ్లు పడుకుని నమాజ్ చేసుకునే వెసులుబాటు దీన్‌లో ఉందని ఇంట్లోవాళ్లు మెల్లగా గుర్తుచేయాలి. ఎత్తు కుర్చీలో కూర్చుని రుకూకు తల కొంచెం, సజ్దాకు ఇంకొంచెం వంచి సైగ చేస్తే చాలు. నడుము దగ్గర్నుంచి ముందుకు వాలకూడదు, అలా వాలితే తుంటి 90 డిగ్రీలు దాటుతుంది. కుట్లు ఉన్న చోట కట్టు తడవకూడదు. ప్లాస్టర్ ఉంటే దాని మీద మసహ్, నీళ్లు పనికిరానప్పుడు తయమ్ముం ఉన్నాయి. మీ ఇంటివాళ్లకు ఏది వర్తిస్తుందో మౌలానాను అడగండి.

రోజా సంగతి కూడా అంతే. అనారోగ్యంతో ఉన్నవారికి మినహాయింపు ఖుర్‌ఆన్‌లోనే ఉంది. గాయం మానే రోజుల్లో ఒంటికి నీళ్లు, ప్రోటీన్, వేళకు మందులు కావాలి. డాక్టర్ వద్దన్నప్పుడు పట్టుబట్టి రోజా ఉండనివ్వొద్దు.

పర్దా, ఒంటి శుభ్రం

మగ అటెండర్ వస్తాడేమోనన్న భయంతో ఆడవాళ్లు మూత్రం ఆపుకుంటారు, నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, తికమక అన్నీ మొదలవుతాయి. ఆస్పత్రిలో ఆడ నర్సు గానీ ఆయా గానీ కావాలని అడగడానికి మొహమాటపడొద్దు. తెరలు వేయమని అడగొచ్చు.

ఇంట్లో ఒళ్లు తుడిచేటప్పుడు ఒంటి మీద దుప్పటి ఉంచి, ఒక్కో భాగమే బయటకు తీసి తుడిచి, ఆరబెట్టి, మళ్లీ కప్పాలి. నర్సింగ్‌లో నేర్పేదీ ఇదే పద్ధతి. చర్మం మడతల్లో తడి ఉండకూడదు. డైపర్ వేస్తే తడిసిన వెంటనే మార్చాలి. మగ పేషెంట్‌కు ఈ పని కొడుకులు, మనవళ్లు నేర్చుకోవాలి. అబ్బాజాన్‌కు డైపర్ మార్చే పని కోడలి మీద వేస్తే ఇద్దరికీ ఇబ్బందే.

తిండి: పాయా ఒక్కటే చాలదు

ఎముక విరిగితే పాయా షోర్బా తాగించడం మన ఆనవాయితీ. వేడివేడిగా తాగితే మంచిదే, కానీ అందులో కాల్షియం పాలలో ఉన్నంత ఉండదు. ఎముక అతకడానికి, పుండ్లు పడకుండా ఉండటానికి రోజూ ప్రోటీన్ కావాలి. గుడ్లు, పప్పు, చికెన్, చేప, పాలు, పెరుగు. నమలలేకపోతే ఖీమా మెత్తగా వండి, ఖిచిడీలో కలిపి పెట్టొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రోటీన్ ఎంతో డాక్టర్ చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానదు. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది కాబట్టి నీళ్లు, పండ్లు, కూరగాయలు పెంచాలి.

ఇంకో ముఖ్యమైన మాట. నేల మీద మామూలుగా జారిపడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. రాడ్ వేసినంత మాత్రాన ఆ జబ్బు పోదు, రెండో తుంటి కూడా విరగవచ్చు. విటమిన్ డి పరీక్ష, ఎముకల సాంద్రత పరీక్ష, ఎముకలు గట్టిపడే మందు గురించి డాక్టర్‌ను మీరే అడగండి. వారానికోసారి వేసుకునే మాత్ర రాస్తే, పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి, పడుకుంటే గొంతు కింద ఆహారనాళం పుండు పడుతుంది. ఇంట్లోనే ఎక్కువగా ఉండే ఆడవాళ్లకు విటమిన్ డి తక్కువగా ఉండటం మామూలే. డాబా మీద గానీ ఇంటి లోపలి వాకిట్లో గానీ పర్దా ఉన్న చోట కాసేపు ఎండ తగలనివ్వాలి.

ఖర్చు లెక్క ముందే వేసుకోవాలి

ఆపరేషన్ ఖర్చుకు ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ సౌకర్యాన్ని కేంద్రం 2024 అక్టోబర్ 29న మొదలుపెట్టింది. ఆస్పత్రిలో చేరిన రోజే ఆరోగ్యమిత్రను కలిసి, మీ కార్డుకు ఏది వర్తిస్తుందో కనుక్కోండి.

కానీ చాలా కుటుంబాలు తడబడేది ఆ తర్వాతి ఖర్చు దగ్గర. వాకర్, కమోడ్ కుర్చీ, గాలి పరుపు, డైపర్లు, ఫిజియోథెరపీ, సూదులు, ఆయా జీతం, చెకప్‌లకు ఆటో. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఎవరు ఏది భరిస్తారో డిశ్చార్జికి ముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని తేల్చుకోవాలి. వాకర్, కుర్చీ, గాలి పరుపు కొన్నాళ్లే అవసరం కాబట్టి అద్దెకు దొరుకుతాయేమో, బంధువుల ఇంట్లో వాడకుండా ఉన్నాయేమో చూడాలి.

డబ్బు ఒక్కటే లెక్క కాదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు డబ్బు పంపగలడు, రాత్రి రెండు గంటలకు లేచి అమ్మీని పక్కకు తిప్పలేడు. ఆ పని ఒక్క కోడలి మీదే పడితే పదిరోజుల్లో ఆమె అలసిపోతుంది, తిప్పడం తప్పుతుంది, పుండు పడుతుంది. తర్వాత నింద కూడా ఆమెకే వస్తుంది. గోడకు ఒక చార్టు అంటించి రాత్రి ఎవరు, పగలు ఎవరు అని పేర్లు రాయండి. తిప్పిన టైము, మందు వేసిన టైము, మూత్రం, విరేచనం అందులో రాయండి. చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టర్‌కు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది. తల్లిదండ్రుల ఖిద్మత్‌లో సవాబ్ ఉందంటే అది ఇంటి కొడుకులకూ ఉంది.

ఇవి కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి

- ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం.
- పిక్క గానీ తొడ గానీ వాచి, వేడిగా ఉండి నొప్పి పెట్టడం.
- కుట్ల దగ్గర చీము, ఎర్రదనం, దుర్వాసన, జ్వరం, చలి.
- తుంటిలో హఠాత్తుగా భరించలేని నొప్పి, కాలు మళ్లీ పొట్టిగా కనిపించడం, పాదం తిరిగిపోవడం.
- పాదం చల్లబడటం, నీలంగా మారడం, తిమ్మిరెక్కడం, వేళ్లు కదలకపోవడం.
- కొత్తగా మొదలైన తికమక, లేదా లేపినా లేవనంత మగత.
- మలం నల్లగా తారులా రావడం, చిగుళ్ల నుంచి గానీ మూత్రంలో గానీ రక్తం.

ఇక పేషెంట్ నడక మొదలుపెట్టాక, మొదటిసారి పడిన ఆ బాత్రూమ్‌ను ఒకసారి చూడండి. గోడకు పట్టుకునే కడ్డీ, జారని రబ్బరు చాప, రాత్రంతా వెలిగే చిన్న లైటు, వుజూకు కూర్చునేందుకు ఎత్తు స్టూలు పెట్టించండి. నడిచే దారిలో మడతపడే చాపలు, వైర్లు తీసేయండి. ఆ చిన్న ఖర్చుతో ఇంకో ఆపరేషన్ తప్పవచ్చు.